విష్ తర్వాత వచ్చే క్రియ

గ్రిమ్స్‌బీలో మంగళవారం సాయంత్రం
లైబ్రరీ మేడ మీది గదికి
చేపల వాసన మెట్లెక్కి వస్తుంది,
మనుషుల కంటే కాస్త ముందుగా.
కుర్చీలు వేసే పని నాది.

రిమాంటాస్ మూడుసార్లు చేతులు కడుక్కునే వస్తాడు.
అయినా పెన్ను పట్టుకుంటే
గోరు పక్కన ఒక పొలుసు మెరుస్తూనే ఉంటుంది.

పాఠం: కోరికలు.
డోరీన్ ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో
టిక్కెట్ల లెక్క చూసిన మనిషి.
"ఐ వాంట్ అంటే తప్పని కాదు" అంది,
"తలుపు తట్టకుండా లోపలికి వచ్చినట్టుంటుంది.
ఐ వుడ్ లైక్ అనండి. అదీ తట్టడం."

రిమాంటాస్‌కి ఆదివారం సెలవు కావాలి.
కూతురికి ఏడేళ్ళు నిండుతాయి.
ఆ వాక్యాన్ని ఐసు మీద పెట్టి
మూడు రోజులు చెడిపోకుండా కాపాడుకున్నాడు.
శుక్రవారం ఫోర్‌మన్ ముందుంచాడు:
ఐ వుడ్ లైక్ సండే ఆఫ్, ప్లీజ్.
ఫోర్‌మన్ కత్తి తుడుచుకుంటూ నవ్వాడు:
"ఎవరికి చేదు నాయనా!"

"వాక్యంలో తప్పేం లేదు" అంది డోరీన్ విని.
ఆ పిల్ల పుట్టినరోజు
సోమవారం రాత్రి చేశారు,
మిగిలిన కేకు మాకు తెచ్చాడు.

ఆ కేకు తింటూనే విష్ దగ్గరికి వచ్చాం.
ఇక్కడ క్రియ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి.
కారు లేనిది ఇప్పుడు,
అయినా ఐ విష్ ఐ హాడ్ ఎ కార్.
మంగలి షాపు శిర్వాన్ గడ్డం గోక్కున్నాడు:
"మనకున్నదంతా వెనకే ఉండిపోయిందని
ఈ భాషకెవరు చెప్పారు టీచర్?"
అందరూ నవ్వారు. కిటికీలు కూడా కొంచెం అదిరాయి,
గాలికే అనుకోండి.

లెటెబ్రహాన్ హోటల్లో పక్కలు మారుస్తుంది.
చెయ్యెత్తితే భుజం దాకానే ఎత్తుతుంది.

"హోప్‌కీ విష్‌కీ తేడా?"
"జరిగే వీలుంటే హోప్.
వీల్లేకపోతే విష్."
ఆమె రాసుకుంది. రాసుకున్నది చదువుకుంది.
మళ్ళీ చెయ్యి, భుజం దాకా.

"మా తమ్ముడు.
పడవ ఎక్కాడని ఒకడు చెప్పాడు.
ఎక్కలేదని ఇంకొకడు.
మూడేళ్ళు.
నేను ఏది వాడాలి?"

హీటరు టక్ టక్‌మంటోంది.
డోరీన్ మార్కర్ మూత పెట్టింది, తీసింది, పెట్టింది.
"పుస్తకంలో చూసి చెప్తానమ్మా" అంది.
పుస్తకం ఆమె చేతిలోనే ఉంది.

వెనక బెంచీలో నాకు
నా భాష గొంతు దాకా వచ్చింది.
వస్తే బాగుండు, అంటాం మేం.
వచ్చేవాడా రానివాడా అని
ఆ మాట ఎవర్నీ నిలదీయదు.
మధ్యలో చాప పరిచి కూర్చోబెడుతుంది.
ఆమెకి ఇద్దామనుకున్నాను.
ఇస్తే మాత్రం ఎక్కడ చెల్లుతుంది,
వేరే దేశం చిల్లర.

ఎనిమిదిన్నరకి కుర్చీలు మడిచాను.
ఆమె నోట్‌బుక్కులో ఐ తర్వాత ఖాళీ,
ఖాళీ తర్వాత తమ్ముడి పేరు.
డోరీన్ దాని మీద టిక్కూ పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు.
కేకు ముక్కలున్న పళ్ళెం మాత్రం
అటువైపు జరిపింది.

కింద చిప్స్ కొట్టు దగ్గర
లెటెబ్రహాన్ తలుపు తట్టినట్టే అడిగింది:
ఐ వుడ్ లైక్ చిప్స్, ప్లీజ్. విత్ వెనిగర్.
వెంటనే ఇచ్చారు, వేడిగా.
ఎంత తేలిగ్గా ఇచ్చారో
కాసేపు పొట్లం వంకే చూస్తూ నిలబడింది.

తొమ్మిదింటి బస్సొచ్చింది.
"ఎక్కడికి, లవ్?" అన్నాడు డ్రైవరు.
ఆమె క్రియ ఏదీ వాడలేదు.
దిగే స్టాపు పేరు చెప్పింది.